ప్యాకప్ దాకా అదే పేరు

నాలుగైంది. అయిదింటికి దరఖాస్తు గడువు ముగుస్తుంది, అంటే ఇంకా గంట ఉంది, గంటంటే తక్కువేమీ కాదు, గంటలో కుక్కర్ పెట్టి, పప్పుకు పోపు వేసి, స్నానం చేసి, రవి వచ్చేసరికి పొద్దుటి నుంచీ ఇలాగే తీరిగ్గా ఉన్నానన్నట్టు సోఫాలో కూర్చోవడం నాకు వచ్చు, పెళ్లయిన ఇరవై మూడు రోజుల్లో నేర్చుకున్న విద్య అది, అలాంటిదాన్ని ఆరు వందల మాటలు రాయలేనా. మెట్టెలు ఇంకా కొత్తవే, కాలు కదిపితే నేల మీద టిక్కుమంటాయి, ఆ చప్పుడు కోసమే ఊరికే కాలు కదుపుతుంటాను. రవికి కూడా ఆ చప్పుడు ఇష్టం. రవికి చప్పుళ్లన్నీ ఇష్టమే, అతని ఉద్యోగమే అది, ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్టూడియోలో సినిమాలకు శబ్దాలు కూర్చడం, తలుపు చప్పుడు, వాన చప్పుడు, చీర కుచ్చిళ్ల చప్పుడు. మా కుక్కర్ మొదటి విజిల్ని కూడా రికార్డు చేశాడు, చిన్న మైకు పట్టుకుని పొయ్యి పక్కన నిలబడి నన్ను ఊపిరి గట్టిగా పీల్చొద్దన్నాడు, నాకేమో నవ్వు ఆగలేదు, విజిలూ నవ్వూ కలిసిపోయాయి, అదే బాగుందన్నాడు. కిటికీలోంచి చూస్తే పైన జూబ్లీహిల్స్ ఇళ్ల అద్దాల మీద ఎండ, కింద మా సందులో ఎవరో కుర్చీకి కొత్త ప్లాస్టిక్ వైరు అల్లుతున్నారు, ఎదురుగా పెద్ద హోర్డింగ్ మీద పాత హీరో ముఖాన్ని చింపుతున్నారు, ఒక కన్ను, సగం మీసం మిగిలాయి. ఇవన్నీ నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంటాయి, అద్దె ఇల్లయినా నా కిటికీ, నా సందు, ముందు మూడో ప్రశ్న పూర్తి చేయాలి.

మొదటి రెండూ సులువు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు అంటే చకచకా రాసేశాను. వివాద పరిష్కారంలో పీజీ, తగాదా పడ్డవాళ్లను కోర్టు మెట్లెక్కనీయకుండా కూర్చోబెట్టి రాజీ కుదర్చడాన్ని ఒక చదువుగా చెబుతారని తెలిసిన రోజు గంతులేశాను. లా చదివానే గానీ నాకు కోర్టు గది పడదు, ఎవరైనా గొంతు పెంచితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను. చిన్నప్పుడు వెంగళరావు నగర్ ఇంట్లో అమ్మా నాన్నా మాట్లాడుకోని రోజుల్లో ఇద్దరి మధ్యా చాయ్ గ్లాసులు మోసేదాన్ని. నాన్న, మీ అమ్మకు చెప్పు, నేను అన్నం తిననని అంటే, నేను వంటింట్లోకి వెళ్లి, అమ్మా, నాన్న నువ్వు పిలిస్తే తింటా అన్నడు అనేదాన్ని. కాసేపటికి ఇద్దరూ తినేవాళ్లు. అది అబద్ధమని నాకు అప్పుడు అనిపించలేదు, ఇద్దరి కంచాల్లోనూ అన్నం ఉంది కదా. దీన్నే రెండో జవాబులో చిన్న కథలా రాశాను, చదువుకుంటే ముచ్చటగా ఉంది. మూడోది ఇలా ఉంది: మీరు స్వయంగా కుదిర్చిన ఒక రాజీ గురించి రాయండి, ఇరుపక్షాలు ఈ రోజు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పండి, మీ మాటను ధ్రువీకరించగల ఒక పక్షం పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి, ఆ పేరు ఒప్పంద పత్రంలో ఉన్నదే అయి ఉండాలి, మా వాళ్లు ఫోన్ చేస్తారు. నాకు ఒకటే రాజీ ఉంది చెప్పుకోవడానికి. దాని గురించి సత్యనారాయణమూర్తి గారు, పెళ్లికి ముందు నేను పనిచేసిన సినిమా కంపెనీలో అన్నీ చక్కబెట్టే పెద్దాయన, సిఫారసు ఉత్తరం కూడా ఇచ్చారు. ఈ అమ్మాయి ఒక సున్నితమైన ప్రమాదం విషయాన్ని నలభై నిమిషాల్లో, ఒక్కరూ గొంతు పెంచకుండా పరిష్కరించింది. ఆ ఉత్తరాన్ని రవి నాలుగుసార్లు పైకి చదివి వినిపించాడు, న్యూస్ రీడర్ గొంతుతో ఒకసారి, విలన్ గొంతుతో ఒకసారి.

నలభై నిమిషాలు. గోడ గడియారంలో నాలుగూ అయిదు. ప్రమాదం అని రాస్తే సరిపోదు, ఏం జరిగిందో రాయాలి, ఏం జరిగిందంటే పోయిన ఏడాది వానాకాలంలో నగరం అవతల వేసిన సెట్‌లో పెళ్లి ఊరేగింపు తీస్తున్నారు, మేడ మీది బాల్కనీలో పన్నెండుమంది ఆడవాళ్లు హారతి పాట పాడుతూ పూలు చల్లాలి. బాల్కనీ కట్టెతో చేసింది, కింద నుంచి చూస్తే రాతిదే అనిపించేలా రంగు వేశారు. ఆ పన్నెండుమందిలో కౌసల్య ఒకతె. కానీ ఆ రోజు ఆమె పేరు కౌసల్య కాదు. కృష్ణానగర్‌లో తెల్లారకముందే బస్సెక్కే జూనియర్ ఆర్టిస్టులకు యూనియన్ ఇచ్చే కార్డు ఒకటి ఉండాలి, కార్డు లేనివాళ్లు, ఉన్నవాళ్లకు జ్వరమో పనో వస్తే, వాళ్ల కార్డు మీద పోతారు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కౌసల్య తన ఆడబిడ్డ పద్మప్రియ కార్డు మీద పోయింది. వాళ్లను తీసుకెళ్లే ఏజెంటు భిక్షం బస్సు మెట్టు మీద నిలబడి ప్రతిసారీ ఒకటే చెబుతాడట, "ప్యాకప్ చెప్పేదాంక గదే నీ పేరు. ఎవలడిగినా గదే. దేవుడొచ్చి అడిగినా గదే." అందరూ నవ్వుతారట. ఆమె నిలబడ్డ బాల్కనీ మూల విరిగి పన్నెండు అడుగుల పైనుంచి వెల్లకిలా పడ్డాక, ఆసుపత్రిలో నర్సు వంగి పేరేంటమ్మా అని అడిగితే, నడుం కింద తన కాళ్లున్నాయో లేదో తెలియని ఆ మనిషి, షూటింగ్ ముగిసింది, ప్యాకప్ అని ఇంకా ఎవరూ అనలేదు కాబట్టి, పద్మప్రియ అంది. అట్లా ఎక్స్‌రే మీద పద్మప్రియ, ఆపరేషన్ కాగితం మీద పద్మప్రియ, మంచానికి కట్టిన అట్ట మీద పద్మప్రియ. సెట్‌లో మాత్రం గుమ్మడికాయతో దిష్టి తీసి, ఇంకో వైపు నుంచి కెమెరా పెట్టి, సాయంత్రం వరకు తీశారు.

ఇదంతా ఆరు వందల మాటల్లో పట్టదు. పట్టేది ఏంటంటే నా తెలివి. జూబ్లీహిల్స్‌లో మా ఆఫీసు అద్దాల గది, ఏసీ చల్లదనం, టేబుల్ ఆ చివర సత్యనారాయణమూర్తి గారు, ఈ చివర నేను, మధ్యలో కుర్చీ అంచు మీద పద్మప్రియ, జ్వరం తగ్గి నాలుగు రోజులైన ముఖం. సత్యనారాయణమూర్తి గారు అంతకుముందు రోజు తల పట్టుకున్నారు, "వోచర్లో ఒకావిడ, పడింది ఇంకొకావిడ, ఇదెక్కడి తలనొప్పమ్మాయ్" అని. నాకు అప్పుడే వెలిగింది. సర్, మన కాగితాల్లో కౌసల్య అనే మనిషే లేదు, వోచర్లోనూ ఆసుపత్రిలోనూ ఉన్నది పద్మప్రియ, ఆ పేరు గల మనిషి వచ్చి సంతకం పెడితే అన్నీ సరిపోతాయి. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "అమ్మాయ్, నువ్వు చాలా పైకొస్తావే." ఆ రోజంతా ఆ మాట నా చుట్టూ తిరిగింది, ఆటోలో కూడా నవ్వుకున్నాను. పద్మప్రియ మాత్రం కాగితం తీసుకోలేదు. "మరి మా వదినె మేడం? ఆమెను అడగొద్దా?" అంది. "ఒకే ఇల్లు కదక్కా మీది," అన్నాను నేను, చాయ్ గ్లాసు ఆమె వైపు జరుపుతూ. అప్పటికీ పెన్ను పట్టుకోలేదు. అప్పుడు నేను గొంతు తగ్గించి, చాలా ప్రేమగా, "అక్కా, మీ వదినె ముందుకు వంగిందట, కెమెరాల పడాలని. గట్ల వంగితే ఎవరేం చేస్తరు చెప్పుండ్రి, కంపెనీ కాబట్టి ఇంత చూస్తున్నది" అన్నాను. పద్మప్రియ ముఖంలో ఏదో మూసుకుంది. పెన్ను తీసుకుంది. ఇంకెప్పుడూ ఎవరి మీదా ఫిర్యాదు చేయనని, సినిమా పేరు ఎక్కడా ఎత్తనని, తన నడుముకు తగిలిన దెబ్బకు తనకు అందవలసింది అందిందని, నడుము బాగానే ఉన్న మనిషి మూడు చోట్ల సంతకం పెట్టింది. గొంతు ఎవరూ పెంచలేదు. అది మాత్రం నిజం.

ముందుకు వంగలేదని నాకు తెలుసు. అప్పటికి రెండు రోజుల ముందే తెలుసు. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు, రవికి చెప్పనక్కర్లేదు, రవి పక్కనే ఉన్నాడు. మీరిద్దరూ మొదట ఎక్కడ కలిశారని పెళ్లిలో మా పిన్ని కూతురు హిమజ అడిగితే, హెడ్‌ఫోన్స్‌లో అన్నాను, అందరూ పకపకా నవ్వారు, ఫొటోగ్రాఫర్ ఆ నవ్వును తీశాడు, అదే ఇప్పుడు హాల్లో ఫ్రేమ్‌లో ఉంది. పాట కోసం బాల్కనీ కమ్మీకి ఒక మైకు కట్టారు, ఆ టేక్ రవి దగ్గరికి వచ్చింది, అందులో మనకు ఇబ్బందయ్యేది ఏమైనా ఉందేమో విని రమ్మని సత్యనారాయణమూర్తి గారు నన్ను పంపారు. చీకటి గది, పచ్చ దీపాలు, లేత నీలం చొక్కాలో ఒక అబ్బాయి లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చెవుల్లో హారతి పాట, గాజులు, ఆ పాట కింద మైకుకు చాలా దగ్గరగా ఒక గొంతు, మెల్లగా, పాట చెడకుండా, "అన్నా, కట్టె ఊగుతున్నది." పాట సాగుతోంది. మళ్లీ, "అన్నా, కట్టె ఊగుతున్నదే." కింద నుంచి ఎవరో మగమనిషి, "కదలొద్దమ్మా, షాట్ పోద్ది." ఇంకో చరణం. తర్వాత ఎండిన కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత అరుపు. నేను హెడ్‌ఫోన్స్ తీసేసరికి ఆ అబ్బాయి మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉన్నాడు. "దీన్నేం చేయమంటారండీ?" అన్నాడు. తీసేయండి అన్నాను. సరేనండి అన్నాడు. పక్క సందులోకి తీసుకెళ్లి చాయ్ తాగించాడు, చాయ్ వడకట్టే చప్పుడు చూశారా, వానలా ఉంటుంది అన్నాడు, నేను విన్నాను, నిజంగానే వానలా ఉంది. అప్పటి నుంచీ చాయ్ వడకట్టినప్పుడల్లా నాకు వాన పడుతుంది. వెనక్కి వెళ్లి సత్యనారాయణమూర్తి గారితో, ఉంటే ఉండేది సర్, ఇప్పుడు లేదు అన్నాను. ఎంత చురుగ్గా అన్నాననుకున్నాను.

నాలుగూ పదిహేడు. జవాబు దాదాపు అయింది, ఇరుపక్షాలు నేడు ఒకే ఇంట్లో సామరస్యంగా నివసిస్తున్నాయి అని చివరి వాక్యం పెట్టాను, ఫొటో ఒకటి అతికించాలి. లాప్‌టాప్ రవిది, నాది కంపెనీది కాబట్టి ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చేశాను. ఫొటో నా పేరుతో ఉన్న ఫోల్డర్లో ఉంటుందని వెతికాను, రష్మి అనే ఫోల్డర్ ఉంది, తెరిస్తే ఫొటోలు లేవు, అన్నీ శబ్దాలు, రష్మి మెట్టెలు, రష్మి తుమ్ము, రష్మి కుక్కర్ నవ్వు, రష్మి నిద్రలో, నాకు ముఖమంతా వేడెక్కింది, ఇంత ప్రేమ ఎవరికి దొరుకుతుంది, ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకుంటూ వెనక్కి వచ్చాను. పైన మొదటి ఫోల్డర్ పేరు అరుపులు ఆడ. దాన్ని ఎందుకు తెరిచానో తెలియదు. ఒకటి నుంచి ముప్ఫై దాకా ఉన్నాయి, ఒక్కోదానికి పక్కన రవి రాసుకున్న ముక్క, భయం, కాన్పు, దయ్యం, పొలంలో పాము. పదిహేడో దాని పక్కన, ఎత్తు నుంచి, ఒరిజినల్, ఫుల్ టేక్, చాలా బాగుంది. హారతి పాట మొదలైంది. లాప్‌టాప్‌కున్న చిన్న స్పీకర్లలోంచి, మా కొత్త సోఫా మీద, అత్తయ్య పంపిన ఆవకాయ జాడీ పక్కన. అన్నా, కట్టె ఊగుతున్నది. నేను ఆపలేదు. చివరి దాకా విన్నాను. కిటికీ అవతల కుర్చీ అల్లుతున్న మనిషి తలెత్తి చూశాడు.

రవికి ఫోన్ చేశాను. "చెప్పండి మేడమ్, సబ్మిట్ కొట్టేశారా?" అన్నాడు, వెనకాల ఎవరో గుర్రం పరుగు శబ్దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు.

"రవీ, అరుపులల్ల పదిహేడు ఏంది?"

"ఏ పదిహేడు... ఓ, అదా! అప్పుడు నువ్వు తీసేయమన్న టేక్. తీసేద్దామనే అనుకున్నా రష్మీ, ఒట్టు. కానీ అలాంటిది దొరకదు. ఎంతమందితో అరిపించినా గొంతుతో అరుస్తారు, అది పొట్టలోంచి వచ్చింది. సినిమాలో కూడా అదే ఉంచాం కదా, హీరోయిన్ స్నేహితురాలు మేడ మీంచి పడే సీన్లో. తర్వాత ఇంకో రెండింటికి వాడాను."

"మనం చూసినం ఆ సినిమా. నేను నీ చెయ్యి పట్టుకున్న."

"గోళ్లు దిగాయి, గుర్తుంది నాకు," నవ్వాడు. "అంటే పనిచేసినట్టే కదా. ఏంటి, భయపడ్డావా? ఒక్కదానివే వినకు అలాంటివి. నేను అయిదింటికల్లా వచ్చేస్తున్నా. మిర్చి బజ్జీ తేనా, పునుగులా?"

"ఏదన్న తే," అన్నాను.

రవి చెడ్డవాడు కాదు. బాత్రూంలో బొద్దింక కనిపిస్తే కాగితం మీదికి ఎక్కించి కిటికీ బయట వదులుతాడు. మా అమ్మకు మోకాలు నొప్పి అంటే ఆ మోకాలు చేసే చప్పుడు విని, ఆంటీ, డాక్టర్‌కి చూపించండి అన్నాడు, నిజంగానే చూపించాల్సి వచ్చింది. అతనికి అది ఒక శబ్దం. నాకు అది ఒక ఇబ్బంది. తీసేయండి అన్నదాన్ని నేను, దాచుకున్నవాడు అతను, మాలో ఎవరు ఎక్కువ తప్పు చేశారని అడిగితే ఆ కోర్సులో ఏం చెబుతారో. అది తీసేసి ఉంటే నాకు ఇప్పుడు ఇంత చలిగా ఉండేది కాదు, మార్చి ఎండ అద్దం మీద కాలుతుంటే. పెళ్లికి పది రోజుల ముందు శుభలేఖ ఇవ్వడానికి రహమత్ నగర్‌లోని కౌసల్య వాళ్లింటికి వెళ్లాను, ఎందుకు వెళ్లాను, నాకు అందరికీ ఇవ్వాలనిపించింది, ఆ రోజుల్లో ఆటోవాళ్లకు కూడా ఇచ్చాను. సందులో సందు, రెండు గదుల ఇల్లు, మధ్యలో తలుపు లేదు, పాత చీర ఒకటి తెరలా కట్టి ఉంది. తెరకు అవతల మంచం మీద కౌసల్య, ఇవతల కింద కూర్చుని చిక్కుడుకాయ తుంచుతూ పద్మప్రియ. మగవాళ్లు పనికి పోయారు. "కూసోండ్రి మేడం," అంది పద్మప్రియ. కాగితాల ప్రకారం నడుము విరిగింది ఆమెకే కాబట్టి భిక్షం పిలవడం మానేశాడట, "నీ నడుం ఇరిగింది గద, నిన్నెట్ల నిలబెట్టాలె నేను?" అని బస్సు మెట్టు మీద నుంచి నవ్విండట. అవతల కౌసల్యకు వికలాంగుల సర్టిఫికెట్ ఇవ్వడానికి, ఎవరివో కాగితాలు తెచ్చినవు, నీవి తే అన్నారట. పనిచేయగల మనిషి పని చేయలేనిదని రాసి ఉంది, లేవలేని మనిషికి ఏమీ కాలేదని రాసి ఉంది, ఇద్దరి మధ్యా ఒక చీర. నేను కూర్చున్న ఆ కాసేపట్లో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. "మేడం, మా ఆడబిడ్డకు చెప్పుండ్రి, పొయ్యి మీద పాలున్నయని," అంది తెర అవతలి గొంతు. "కెమెరాల పడాలని మోజుపడి ఇల్లు ముంచినోళ్లకు పాల ఫికర్ ఎందుకంట, అడుగుండ్రి మేడం," అంది ఇవతలి గొంతు, చిక్కుడుకాయ ఫట్టున విరిచి. నేను తెర తప్పించి, అక్కా, చూసుకుంటనన్నది అన్నాను. అదే పని. ఆరేళ్ల వయసులో చేసిందే. శుభలేఖ మీద శ్రీమతి పద్మప్రియ గారి కుటుంబానికి అని రాసి తీసుకెళ్లాను, ఒకే ఇల్లు కదా అని, కౌసల్య దాన్ని రెండు చేతులతో తీసుకుని, పైన పేరు చదువుకుని, చాలా బాగుంది మేడం, బంగారు అక్షరాలు అంది.

నేను ఏ తగాదా తీర్చలేదు. ఒక ఆఫీసులోంచి తీసి ఒక ఇంట్లో పెట్టాను, ఆఫీసు శుభ్రపడింది. ఇరుపక్షాలు అంటే ఎవరు, సంతకం పెట్టినావిడకు ఏమీ కాలేదు, అయినావిడ ఆ గదిలోకే రాలేదు, సామరస్యంగా అనే మాట తీసేద్దామా, ప్రశాంతంగా అందామా, ఒకే ఇంట్లో నివసిస్తున్నాయి అన్నంత వరకూ నిజమే, అక్కడితో ఆపేస్తే, నాలుగూ ముప్ఫై ఎనిమిది, ఫోన్ నంబరు పెట్టాలి, వాళ్లు ఫోన్ చేస్తారు, ముందుగా ఒక మాట చెప్పి ఉంచాలి కదా, మర్యాద. పద్మప్రియ నంబరుకే చేశాను. ఆ ఇంట్లో పగటిపూట ఫోన్ మంచం మీదే ఉంటుందని తెలియదు, ఎత్తింది కౌసల్య.

"కౌసల్యక్కా, నేను రష్మిని."

"మేడమా! పెండ్లి మంచిగైందా? మేం రాకపోతిమి. మీ ఆయన మంచిగ చూస్కుంటుండా?"

"చూస్కుంటుండక్కా."

"పప్పు మాడగొట్టకు బిడ్డా. మొదటి నెలల మాడిన పప్పే యాదుంటది మొగోళ్లకు, తర్వాత వండినయి ఏవీ యాదుండయి." నవ్వింది. ఆ గొంతే. పాట చెడకుండా మెల్లగా మాట్లాడే గొంతు. నేను మొదలుపెట్టాను, ఒక కాలేజీ ఉందక్కా, నేను చేరాలంటే వాళ్లు మీ ఇంటికి ఫోన్ చేస్తరు, అప్పుడు జరిగిన ఒప్పందం మంచిగ జరిగిందా అని అడుగుతరు, జర మంచిగ చెప్తరా. చెబుతున్నంతసేపూ అవతల చీపురు చప్పుడు వినపడుతోంది, పద్మప్రియ ఊడుస్తోంది, చప్పుడు తెర దాకా వచ్చి ఆగి వెనక్కి పోతోంది.

"చెప్తగని మేడం, దానికేముంది," అంది కౌసల్య. "వాళ్లు అడిగితే ఏ పేరు చెప్పాలె నేను?"

ఆమె దెప్పడం లేదు. తెల్లారగట్ల బస్సు మెట్టు దగ్గర భిక్షాన్ని అడిగినట్టే అడిగింది, పని సరిగ్గా చేయాలని. తనే మళ్లీ, "పద్మ పేరే గద? మనకింక ప్యాకప్ చెప్పలే కద మేడం," అని చిన్నగా నవ్వింది. మళ్లీ చేస్తనక్కా అని ఫోన్ పెట్టేశాను.

నాలుగూ నలభై ఆరు. పేరు రాసే గడి ఖాళీగా మెరుస్తోంది. కౌసల్య అని కొట్టాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి, మీరు రెండో పేజీలో ఇచ్చిన సంతకందారు పేరుతో సరిపోవడం లేదు. రెండో పేజీకి వెళ్లి అక్కడ కౌసల్య అని కొట్టాను, జత చేసిన ఒప్పంద పత్రం సరిచూసుకోండి అంది. ఒప్పంద పత్రంలో మూడు చోట్ల పద్మప్రియ, సాక్షి చోట నా సంతకం, ఎంత గుండ్రంగా, కింద చిన్న గీతతో, పైకొచ్చే అమ్మాయి సంతకం. పద్మప్రియ అని కొడితే చాలు, రెండు నిమిషాల్లో అయిపోతుంది, నలభై నిమిషాలు కూడా అక్కర్లేదు, ఆ సీటు వస్తే నేను ఈ పనిని సరిగ్గా నేర్చుకుంటాను, నేర్చుకుని ఇలాంటివి జరగకుండా చూస్తాను, ఎంతమందికి మేలు, ఒక్క పేరు, ఒక్కసారి, అక్కా, చూసుకుంటనన్నది. ఎంత తీయగా వస్తుంది నాకు ఈ గొంతు. పద్మ అన్నంత వరకు కొట్టాను కూడా. తర్వాత చెయ్యి దానంతటదే పదిహేడో నంబరు మీదికి పోయింది. దాని పేరు మార్చాను. ఎత్తు నుంచి, ఒరిజినల్, చాలా బాగుంది, అన్నీ తీసేసి, కౌసల్య అని రాసి, ఊరూ తేదీ రాశాను. అసలు జరిగినదానికి ఆమె పేరుతో ఉన్న కాగితం ప్రపంచంలో ఒక్కటీ లేదు, ఇది కాగితం కాదు గానీ ఉంది. వాట్సాప్‌లో ఆ నంబరుకే పంపాను. కంపెనీకి ఇది తెలిస్తే స్టూడియోలో రవి ఉద్యోగం పోతుంది, సాక్షి సంతకం నాది, ఇవన్నీ పంపాక గుర్తొచ్చాయి, ముందు గుర్తొచ్చి ఉంటే పంపేదాన్ని కాదేమో, నా గురించి నాకు అంత నమ్మకం లేదు. తెర మీద దరఖాస్తు ఇంకా నా కోసం ఎదురుచూస్తోంది, సేవ్ చేయమంటారా అని అడుగుతోంది, అయిదు కాగానే తెల్లబడి, గడువు ముగిసింది, మీ ఆసక్తికి ధన్యవాదాలు అంది. హోర్డింగ్ మీద రెండో కన్ను కూడా పోయింది.

ఫోన్లో రెండు టిక్కులు నీలంగా మారాయి. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఆ గదిలో, ఆ మంచం మీద, ఇప్పుడు ఈ నిమిషంలో ఆమె తాను పడటం వింటోంది. పాట, గాజులు, కట్టె, తన అరుపు, అంతా. వింటారా అక్కా అని ఒక్క మాట అడగలేదు. మళ్లీ నేనే నిర్ణయించాను, మళ్లీ ఆమె గదిలో లేకుండా. టేక్ మొత్తం నాలుగు నిమిషాలు. అయిదూ నాలుగు. అయిదూ ఆరు. ఇంకేమీ రావడం లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు, నాకు తెలిసిన చప్పుడే, ఎడమ చెప్పు కొంచెం ఈడుస్తాడు, బజ్జీల వాసన తలుపు కిందినుంచి ముందే వచ్చింది, ఆ వాసనకు నాకు ఎప్పటిలాగే ఆకలి వేసింది, సిగ్గులేకుండా. ఫోన్ వణికింది. వాయిస్ మెసేజ్, తొమ్మిది సెకన్లు. చెవికి ఆనించుకున్నాను. చీపురు చప్పుడు లేదు. కౌసల్య ఊపిరి ఒకటి, పొడుగ్గా. ఆ తర్వాత వేరే గొంతు, ఫోన్‌కు చాలా దగ్గరగా, అంటే తెరకు ఇవతల కాదు, మంచం మీద ఆమె పక్కనే కూర్చుని, పద్మప్రియ, "వదినే... చెప్పినవ్ గద నువ్వు. రెండుసార్లు చెప్పినవ్." అంతే, ఆగిపోయింది.

బెల్లు మూడుసార్లు మోగింది, రవి ఎప్పుడూ మూడుసార్లే కొడతాడు. నేను లేచాను. నేల మీద మెట్టెలు టిక్కుమన్నాయి, తలుపు దగ్గరి దాకా వెళ్లి ఆగాను, చప్పుడు ఆగింది. అవతల రవి కూడా కదలకుండా నిలబడ్డాడు. రవికి అన్నీ వినపడతాయి.